దేశం చూశాం... ఇల్లు చూడలేదు

దమ్మామ్‌లో పదిహేడేళ్లుగా పని చేస్తున్న ఒక సోదరుడు మొన్న శుక్రవారం మాకు ఫోన్ చేశాడు. జగిత్యాల దగ్గరి పల్లె ఆయనది. రాడ్ బెండింగ్ పనికి వచ్చి, ఎండలకు ఎండి, ఇప్పుడు అదే పనికి మేస్త్రీ అయ్యాడు. జీతం 1,900 రియాళ్లు. ఒక్కతే కూతురు. హైదరాబాద్ శివార్లలోని ఒక కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. ఆ అమ్మాయి జనవరిలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నగరానికి ఒక సెమిస్టర్ చదువు కోసం వెళ్లింది. ఉండేది హాస్టల్లో కాదు. అక్కడి ఒక కుటుంబంతో కలిసి, వాళ్ల ఇంట్లోనే ఒక గదిలో ఉంటోంది. దీన్నే హోమ్‌స్టే అంటున్నారు.

ఆయన ఫోన్ చేసింది డబ్బు ఇబ్బంది చెప్పుకోవడానికి కాదు. కూతురు అడిగిన ఒక ప్రశ్న ఆయన్ను నిద్రపోనివ్వలేదట. "బాపూ, నువ్వు ఆడ పదిహేడేండ్ల సంది ఉంటున్నవ్ గదా. వాళ్ల ఇంట్ల ఎప్పుడన్న కూసొని అన్నం తిన్నవా?" అని అడిగిందట ఆ పిల్ల. "లేదు బిడ్డా, డ్యూటీకి టైమైంది" అని ఫోన్ పెట్టేశాడట. ఆ రోజు డ్యూటీ లేదు. సెలవే.

"నాదేమన్న తప్పున్నదా సార్? ఇన్నేండ్లుండి ఒక్క ఇంటి గడప తొక్కలె. అది పోయిన తెల్లారే వాళ్లతోని కలిసి తింటున్నది. దానికి ఎట్ల జెప్పాలె?" ఇదీ ఆయన ప్రశ్న. ఆయన అడిగింది ఒక్కడే అయినా, జవాబు మనందరం వెతుక్కోవలసిందే. ఎందుకంటే ఈ సెమిస్టర్ చదువు ఇప్పుడు డాక్టర్ల పిల్లల దగ్గరా, సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లల దగ్గరా ఆగడం లేదు. క్యాంపుల్లో ఉండి పిల్లల్ని చదివిస్తున్న మన ఇళ్లదాకా వచ్చేసింది.

అసలు ఇదేం చదువు?

పూర్తి డిగ్రీ కోసం వెళ్లడం వేరు, ఒక సెమిస్టర్‌కు వెళ్లడం వేరు. ఇందులో పట్టా ఇచ్చేది మన కాలేజీయే. మధ్యలో నాలుగైదు నెలలు విదేశంలోని మరో విశ్వవిద్యాలయంలో కూర్చుని చదివి, అక్కడ సంపాదించిన క్రెడిట్లను తెచ్చి ఇక్కడి మార్కుల జాబితాలో కలుపుకుంటారు. 2022 మే నెలలో యూజీసీ తెచ్చిన నిబంధనలు ట్విన్నింగ్ పద్ధతిలో డిగ్రీ మొత్తం క్రెడిట్లలో 30 శాతం మించకుండా విదేశీ సంస్థలో చదివే వీలు కల్పించాయి. అందుకే ప్రైవేటు కాలేజీల ప్రకటనల్లో విమానం బొమ్మలు ఎక్కువయ్యాయి.

అవతలి దేశాలు కూడా పిలుస్తున్నాయి. 2030 నాటికి 30 వేల మంది భారతీయ విద్యార్థులు తమ దగ్గర చదవాలన్నది తమ లక్ష్యమని ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ 2024 జనవరిలో చెప్పారు. మాస్టర్స్ పట్టా ఉండి, ఫ్రాన్స్‌లో కనీసం ఒక సెమిస్టర్ చదివిన భారతీయులకు అయిదేళ్ల షార్ట్‌స్టే వీసా ఇస్తామని 2023 జూలైలో ఆ దేశం ప్రకటించింది. అంటే ఆ ఒక్క సెమిస్టర్‌కూ ఒక విలువ కట్టినట్టే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1923లో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయం ఎనిమిది మంది విద్యార్థులను ఓడలో ఫ్రాన్స్‌కు పంపింది. యుద్ధంలో పని చేసి వచ్చిన ఒక ప్రొఫెసరు, రేమండ్ కిర్క్‌బ్రైడ్, ఆ ఆలోచనకు ఆద్యుడు. ఐరోపాలో 1987లో ఎరాస్మస్ పథకం మొదలైనప్పుడు మొదటి ఏడు వెళ్లింది 3,244 మంది మాత్రమే. ఇవాళ ఆ పథకం కింద మన దేశపు విద్యార్థులకు కూడా, వాళ్ల కాలేజీకి ఒప్పందం ఉంటే, ఒక సెమిస్టర్‌కు ఉపకార వేతనం దొరికే అవకాశం ఉంది.

ఇందులో మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన కథ ఇంకొకటుంది. 1932లో డొనాల్డ్ వాట్ అనే అమెరికన్ కొందరు కుర్రాళ్లను ఐరోపాకు తీసుకెళ్లాడు. మొదటి ఏడు అందరినీ ఒక క్యాంపులో ఉంచాడు. ఎవరి భాష వాళ్లు ఎవరి గుంపులో వాళ్లు మాట్లాడుకుంటూ ఉండిపోయారు. క్యాంపులో కలవరని అర్థమై, తరువాత వాళ్లను ఒక్కొక్కరిని ఒక్కొక్క కుటుంబంలో ఉంచే పద్ధతికి మారాడు. హోమ్‌స్టే అన్న ఆలోచన అలా పాకింది. క్యాంపులో ఉన్నవాడు దేశాన్ని చూస్తాడే గానీ ఆ దేశపు మనుషుల్ని చూడడని ఆయనకు ఒక్క వేసవిలో తెలిసింది. మన వాళ్లకు ఆ సంగతి ఏళ్లకేళ్లుగా తెలుసు.

కొత్త ఇంట్లో కొత్త కోడలిలా

ఆ అమ్మాయి తండ్రికి చెప్పిన సంగతులు వింటే ముచ్చటేస్తుంది, జాలీ వేస్తుంది. ఆ ఇంటివాళ్లు రిటైరైన దంపతులు. జనవరి మంచులో దిగింది. పొద్దున్నే రొట్టె, జామ్, పెద్ద గిన్నెలో కాఫీ. రాత్రి ఎనిమిదికి భోజనం. అందరూ వచ్చేదాకా ఎవరూ ముట్టరు. రొట్టెముక్క కంచంలో పెట్టుకోరు, పక్కన బల్లమీదే పెట్టుకుంటారు. కూర అయ్యాక జున్ను వస్తుంది. గంటసేపు తింటారు, తింటూ మాట్లాడతారు. అలసిపోయి వచ్చినా గదిలోకి కంచం పట్టుకుపోవడం అక్కడ మర్యాద కాదు. దుకాణంలోకి అడుగు పెడితే ముందు "బోంజూర్" అనాలి, తరువాతే ఏం కావాలో చెప్పాలి. ఆదివారం చాలా దుకాణాలు మూసే ఉంటాయి. శనివారమే అన్నీ తెచ్చుకోవాలి.

మన మీరు, నువ్వు లాగే ఫ్రెంచివాళ్లకూ రెండు మాటలున్నాయి. "వూ" అంటే మీరు, "త్యూ" అంటే నువ్వు. ఇంగ్లీషు మీడియంలో చదివి అందరినీ ఒకే మాటతో పిలవడం అలవాటైన పిల్లలు అక్కడ తికమకపడతారు. మన పిల్లకు అది వెంటనే పట్టుబడిందట. పెద్దావిడను మీరు అనే పిలిచింది. రెండు వారాలయ్యాక ఆవిడే, ఇక నువ్వు అను అందట. అనడానికి మాత్రం ఈ పిల్లకు నోరు రాలేదు. పెద్దవాళ్లను నువ్వు అంటే అమ్మ కొడుతుందని చెప్పిందట.

ఇక ఆకలి సంగతి. గొడ్డు మాంసం తిననని ముందే ఫారంలో రాసింది, వాళ్లు పాటించారు. కానీ ఆ సూపులూ, ఉడికించిన దుంపలూ నోటికి ఎక్కలేదు. చాలా అని అడిగితే చాలు అనేది. మన ఇళ్లలో అతిథి వద్దు అంటే మళ్లీ వడ్డిస్తాం. మూడుసార్లు అడిగితేగానీ మనవాడు ఒప్పుకోడు. అక్కడ వద్దు అంటే వద్దనే అర్థం. వారం రోజులు అర్ధాకలితో పడుకుంది. చివరికి ఒక రాత్రి ఏడుస్తుంటే ఆ పెద్దావిడ చూసి, నోరు విప్పి చెప్పకపోతే నాకెలా తెలుస్తుందని మందలించిందట. అడగందే అమ్మైనా పెట్టదని మన సామెతే చెబుతోంది. మరుసటి ఆదివారం వంటగది పిల్లకు అప్పగించారు. మిరియాల చారు పెట్టింది. ఆ పెద్దాయన సూపులాగా చెంచాతో తాగి, ఇంకొంచెం అడిగాడట.

ఇవన్నీ చిన్న విషయాలే. కానీ ఒక మనిషి ఇంకో మనిషి ఇంట్లో ఎలా మసలుకోవాలో, వద్దని ఎలా చెప్పాలో, కావాలని ఎలా అడగాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆ పిల్ల గెలవవలసి వచ్చింది పరాయివాళ్ల ఇంట. అది ఇంకా కష్టం.

దాచిన మాట

అసలు సంగతి ఇక్కడుంది. మొదటి వారంలో ఆ పెద్దాయన, మీ నాన్న ఏం చేస్తారని అడిగితే, సౌదీలో పెద్ద కంపెనీలో ఇంజనీరు అని చెప్పిందట ఆ అమ్మాయి. కాలేజీలోనూ అదే చెప్పుకుంది. మనం మాత్రం ఏం చేశాం? సెలవుకు వెళ్లినప్పుడు సెంటు కొట్టుకుని, బ్లాంకెట్లు పంచి, కంపెనీలో సూపర్‌వైజర్ననే చెబుతాం. పిల్లలు మన దగ్గరే నేర్చుకున్నారు.

గ్రెనోబుల్‌లో ఇటలీ నుంచి బతుకుదెరువుకు వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు చాలా ఉన్నాయి. దక్షిణ ఇటలీలోని కొరాటో అనే ఒక్క పట్టణం నుంచే ఎంతోమంది వచ్చారు. మన జగిత్యాల, సిరిసిల్ల నుంచి ఒకరి వెనుక ఒకరు దుబాయి పోయినట్టే. ఆ పెద్దాయన తండ్రి కూడా కొరాటో నుంచి వచ్చిన తాపీ పనివాడేనట. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన పాత ఫొటో ఒకటి తెచ్చి, మా నాన్న మొదట్లో ఇలా షెడ్డులో పదిమందితో కలిసి ఉండేవాడు, ఇక్కడివాళ్లు చాలాకాలం ఇంటికి పిలవలేదు, ఆ సంగతి మాకు పెద్దయ్యేదాకా చెప్పలేదు అన్నాడట.

అప్పుడు ఈ పిల్ల నిజం చెప్పేసింది. మా నాన్న ఇంజనీరు కాదు, రాడ్లు వంచే పని చేస్తాడని. ఆ రాత్రే తండ్రికి ఫోన్ చేసి ఆ ప్రశ్న అడిగింది. ఎత్తిపొడవడానికి కాదు. పదిహేడేళ్లలో మొదటిసారి నాన్న అక్కడ ఎలా ఉంటున్నాడో తెలుసుకోవాలనిపించి అడిగింది.

తప్పు ఎవరిది?

ఆ సోదరుడికి మేం చెప్పిన మాట ఇది: ఇంటి గడప తొక్కకపోవడం నీ తప్పు కాదు. కూలి మనుషుల వసతి ఊరికి దూరంగానే ఉండాలని గల్ఫ్ దేశాలు పద్ధతి పెట్టుకున్నాయి. కుటుంబాలు ఉండే ప్రాంతాల్లో కార్మికుల వసతి ఉండరాదని ఖతర్ 2010లో ఏకంగా చట్టమే చేసింది. మన కుటుంబాన్ని తెచ్చుకుందామన్నా జీతం అడ్డొస్తుంది. యూఏఈలో భార్యాపిల్లలకు వీసా తీయాలంటే కనీసం 4,000 దిర్హాములు, లేదా వసతితో కలిపి 3,000 దిర్హాముల జీతం ఉండాలి. బస్సు ఎక్కించి సైటుకు, సైటు నుంచి క్యాంపుకు. మధ్యలో ఎవరి ఇల్లు కనిపిస్తుంది?

అలాగని అక్కడి మనుషులంతా రాతి మనసువాళ్లని అనలేం. రంజాన్ నెలలో మసీదుల ముందు పరిచిన ఇఫ్తార్ చాపల మీద మతం అడగకుండా మనకూ చోటిచ్చిన చేతులున్నాయి. కష్టంలో ఉన్నవాణ్ని టికెట్ కొని ఇంటికి పంపిన కఫీళ్లూ ఉన్నారు. కానీ వీధిలో పెట్టిన అన్నం వేరు, ఇంట్లోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు.

మన అక్కచెల్లెళ్ల సంగతి ఇంకా వేరు. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్, మస్కట్ వెళ్లి ఇళ్లలో పని చేసే ఆడవాళ్లు ఆ ఇంట్లోనే పడుకుంటారు, ఆ ఇంటి పిల్లల్ని పెంచుతారు, ఆ ఇంటి భాష మాట్లాడతారు. ఏ హోమ్‌స్టే విద్యార్థికీ తెలియనంతగా ఆ ఇల్లు వాళ్లకు తెలుసు. అయినా భోజనం బల్ల దగ్గర వాళ్లు నిలబడే ఉంటారు. ఇంట్లో ఉండటం వేరు, ఇంటి మనిషిగా ఉండటం వేరు. ఇప్పుడు వెళ్లే మన పిల్లలకు దొరుకుతున్నది మనకు దొరకని ఆ కుర్చీ. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దానికోసం అడ్డగోలుగా అప్పులపాలూ కాకూడదు.

లెక్క చూసుకోకుండా పంపొద్దు

ఇక డబ్బు మాట. ఆ అమ్మాయికి విమానం, వీసా, ఇంటి ఖర్చు, తిండి అన్నీ కలిపి సుమారు ఐదు లక్షల రూపాయలైంది. తండ్రి జీతంలో చూస్తే దాదాపు ఏడాది కష్టం. అయినా ఆమెది రెండు కాలేజీల మధ్య ఎక్స్ఛేంజ్ ఒప్పందం కాబట్టి ఫ్రాన్స్‌లో వేరే ఫీజు కట్టలేదు. ఇక్కడ కట్టిన ఫీజే సరిపోయింది. ఇది చాలా ముఖ్యం. ఒప్పందం లేకుండా ఏజెన్సీ ద్వారా వెళ్తే అక్కడి ఫీజు అదనం. ప్రకటన రెండింటికీ ఒకేలా ఉంటుంది. కాబట్టి మొదటి ప్రశ్న ఇదే అడగండి: ఎక్స్ఛేంజా, ఫీజు కట్టి పోయేదా?

ఈ సోదరుడు రెండు లక్షలు దాచుకున్నవి తీశాడు. మిగతా మూడు లక్షలకు ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి ఇస్తామని వచ్చారు. అంటే నెలకు 6,000, ఏడాదికి 72,000 మిత్తికే పోతుంది. అసలు కదలదు. ఆయన ఆగి, బ్యాంకుకు వెళ్లి విద్యా రుణం తీసుకున్నాడు. నాలుగు లక్షల దాకా విద్యా రుణానికి బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగకూడదు. రిజర్వు బ్యాంకు నియమం అది. తాకట్టు అడిగితే ఆ నియమం గుర్తు చేయండి.

మనకు వీసా ఏజెంట్ల సంగతి కొత్తగా చెప్పాలా? ఆజాద్ వీసా అని అమ్మినవాళ్లను చూశాం, విజిట్ వీసా మీద తెచ్చి వదిలేసినవాళ్లను చూశాం. ఉద్యోగాలకు పంపే ఏజెంటు 1983 నాటి వలస చట్టం కింద లైసెన్సు తీసుకోవాలి, 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ కంటే ఎక్కువ వసూలు చేయకూడదు. పాటించనివాళ్లు ఉన్నా, కనీసం చట్టమంటూ ఒకటుంది. చదువుకు పంపే కన్సల్టెన్సీకి ఆ చట్టం వర్తించదు. అమీర్‌పేటలో ఒక గది, ఒక బోర్డు ఉంటే చాలు. 2011లో అమెరికాలో ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడ్డప్పుడు మన తెలుగు పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019లో ఫార్మింగ్టన్ అనే విశ్వవిద్యాలయం అసలు అమెరికా ప్రభుత్వ అధికారులే వల పన్ని పెట్టిన బూటకమని తేలింది. పట్టుబడ్డవారిలో మనవాళ్లు ఎంతమందో మరచిపోలేం.

అక్కడ పని చేసి అప్పు తీర్చుకోవచ్చన్న మాటను మాత్రం అస్సలు నమ్మొద్దు. ఫ్రాన్స్‌లో విద్యార్థి వీసా మీద ఉన్నవారికి పని గంటలు ఏడాదికి 964 మించకూడదు. అది పూర్తి ఏడాది లెక్క. నాలుగు నెలల్లో భాష నేర్చుకోవాలా, చదవాలా, పని వెతుక్కోవాలా? పని కోసమే వెళ్లేటట్టయితే అది చదువు కాదు, ఇంకో గల్ఫ్.

మార్కుల సంగతీ ముందే తేల్చుకోవాలి. ఐరోపాలో సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. మన కాలేజీ వాటిలో ఎన్ని, ఏ సబ్జెక్టులకు బదులుగా లెక్కలోకి తీసుకుంటుందో వెళ్లేముందే కాగితం మీద సంతకాలతో ఉండాలి. ఫ్రాన్స్‌లో మార్కులు ఇరవైకి వేస్తారు. పది వస్తే పాస్, పన్నెండు దాటితే పర్వాలేదు, పద్నాలుగు దాటితే బాగుందని, పదహారు దాటితే చాలా బాగుందని అర్థం. ఆ పిల్లకు ఒక పరీక్షలో పదమూడు వచ్చాయట. 65 శాతమే అని కంగారుపడ్డాడు తండ్రి. అక్కడ అది మంచి మార్కే. కానీ మన కాలేజీ గుమాస్తా దాన్ని 65గానే రాసేస్తే పిల్లకు నష్టం. ఆ మార్పిడి ఎలా చేస్తారో ముందే అడగాలి.

సర్దుకుపోవడానికీ ఒక హద్దుంది

హోమ్‌స్టే అంటే చుట్టరికం కాదు. నెలకు ఇంత అని డబ్బు తీసుకుని ఇచ్చే వసతి. మంచివాళ్లు దొరుకుతారు, దొరక్కపోనూ వచ్చు. కాబట్టి రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. అందులో ఎన్ని పూటల భోజనం, వారాంతం భోజనం ఉందా లేదా, బట్టలు ఉతుక్కునే వీలు, గదికి తాళం, వంటగది వాడుకోవచ్చా, ఎన్ని రోజుల ముందు చెప్పి మారవచ్చు, కట్టిన అడ్వాన్సు తిరిగి వస్తుందా అన్నవి ఉండాలి. ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు విశ్వవిద్యాలయం నుంచి తీసుకోవాలి. ఐరోపా అంతటా అత్యవసరానికి 112. మన విదేశాంగ శాఖ 2015లో పెట్టిన మదద్ వ్యవస్థలో విద్యార్థులు కూడా ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు.

ఒక్క విషయం మనకంటే బాగా ఎవరూ చెప్పలేరు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. అది కఫీల్ బీరువాలో పెట్టుకున్న రోజుల్లో మనం ఎలా బతికామో మనకు తెలుసు. ఇంటివాళ్లు ఎంత మంచివాళ్లైనా, జాగ్రత్త కోసమే అన్నా, పాస్‌పోర్టు పిల్లల దగ్గరే ఉండాలి.

పిల్లలు ఏదైనా చెప్పుకుంటే వెంటనే "సర్దుకుపో బిడ్డా" అంటాం. మనం అలాగే బతికాం కాబట్టి. తిండి విషయంలో, చలి విషయంలో, స్నానానికి నీళ్లు తక్కువ వాడమన్న విషయంలో సర్దుకుపొమ్మనండి. భయం వేస్తోందన్నా, గదిలోకి చెప్పకుండా వస్తున్నారన్నా, ఒళ్లు తాకుతున్నారన్నా ఆ మాట అనకండి. అదే రోజు ఇల్లు మార్చమనండి. కట్టిన డబ్బు పోతే పోయింది. అటువంటి మాట మనకు చెప్పే ధైర్యం పిల్లలకు ఉండాలంటే, మన కష్టం కూడా వాళ్లకు చెప్పే అలవాటు మనకు ఉండాలి.

ప్రభుత్వాలకు ఒక మాట. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, పూలే ఓవర్సీస్ విద్యానిధి వంటివి పేద పిల్లలకు ఎంతో మేలు చేశాయి. కానీ అవి డిగ్రీ తరువాతి పై చదువులకే. ఒక సెమిస్టర్‌కు వెళ్లే డిగ్రీ విద్యార్థికి ఆసరా లేదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. బతికుండి పిల్లల్ని చదివిస్తున్న కార్మికుడికి కూడా ఏదైనా చెయ్యాలి కదా. కాలేజీ ఒప్పందంతో వెళ్లే గల్ఫ్ కార్మికుల పిల్లలకు విమానం ఖర్చు, వడ్డీలేని రుణం ఇస్తే అదేమీ ఖజానాకు బరువు కాదు. కాలేజీలు కూడా తమ ఒప్పందాలు ఎక్స్ఛేంజో కాదో ప్రకటనలోనే రాయాలి.

అందరూ పంపాలని మేం అనడం లేదు. ఇంకో కూతురి పెళ్లి నెత్తిన ఉన్నవాళ్లు, పాత వీసా అప్పే తీరనివాళ్లు ఆగడమే మేలు. సెమిస్టర్ పోయినంత మాత్రాన చదువు పోదు. పిల్లలు అలిగినా సరే, లెక్క కాగితం మీద వేసి వాళ్ల ముందే పెట్టండి. ఇన్ని రియాళ్లు, ఇన్ని నెలలు, ఇంత మిత్తి అని. నాన్న జీతం ఎంతో తెలియని పిల్లలు నాన్న కష్టం ఎంతో ఎలా తెలుసుకుంటారు?

ఇంతకూ ఆ సోదరుడు ఏం చేశాడో చెప్పాలి. రెండు రోజుల తరువాత కూతురికి తానే ఫోన్ చేశాడు. వీడియోలో తన గది చూపించాడు. ఆరుగురు పడుకునే రెండంతస్తుల మంచాలు, గోడకు వేలాడే బట్టలు, మూలన రైస్ కుక్కర్. ఎవరి ఇంటికీ ఎందుకు వెళ్లలేదో చెప్పాడు. ఆ పిల్ల కాసేపు ఏమీ మాట్లాడలేదట. తరువాత, "మరి ఈడ నీ పని గురించి అడుగుతున్నరు బాపూ, ఏం జెప్పాలె?" అందట.

గ్రెనోబుల్‌లో 1925లో కట్టిన పెర్రే టవర్ ఉంది. దాదాపు 95 మీటర్ల ఎత్తు, ఇనుప కడ్డీలు వేసి పోసిన కాంక్రీటుతో ఐరోపాలో తొలిరోజుల్లో లేచిన కట్టడాల్లో ఒకటి. సివిల్ చదివే పిల్ల కదా, దాని ఫొటోలు పంపింది. తండ్రి ఫోన్‌లో పెద్దగా చేసి చూసి, ఎక్కడెక్కడ కాంక్రీటు పెచ్చులూడిందో, లోపలి రాడ్ ఎందుకు తుప్పు పట్టి ఉంటుందో, కవర్ బ్లాకులు సరిగ్గా పెట్టకపోతే ఏమవుతుందో గంటసేపు చెప్పాడట. ఆమె రాసుకుంది. ఆ రాత్రి ఆ ఇంటి భోజనాల దగ్గర, ఇది మా నాన్న చెప్పాడు, ఆయన దమ్మామ్‌లో రాడ్ బెండర్ అని ఫ్రెంచిలో చెప్పిందట.

ఇప్పుడు వారం వారం ఆ తండ్రీ కూతుళ్లు పని గురించి మాట్లాడుకుంటున్నారు. మీ పిల్లలు విదేశం వెళ్లినా వెళ్లకపోయినా, ఈ శుక్రవారం వాళ్లకు ఫోన్ చేసి తిన్నారా, చదువుతున్నారా అని అడిగాక పెట్టేయకండి. మీరు ఏం పని చేస్తారో, ఎక్కడ పడుకుంటారో ఒకసారి చెప్పండి.